ఎల్బీనగర్ దాటితే... హీరో పాపాయే!

‘సిసింద్రీ’ చూశారు కదూ? 1995లో వచ్చిన ఆ సినిమాలో హీరోకి ఇంకా మాటలే రావు. అప్పటికి ఏడాదిన్నర కూడా నిండని అఖిల్, పాకుతూ దేకుతూనే దొంగల ముఠా చేత మూడు చెరువుల నీళ్ళు తాగించేశాడు. హాలు హాలంతా ఒకటే నవ్వు! ‘పసివాడి ప్రాణం’ (1987)లో నోరులేని పసివాడి వెంట హంతకులు పడితే చిరంజీవి అడ్డుపడ్డాడు. ‘బాహుబలి’ (2015)లో శివగామి ఏట్లో మునిగిపోతూ కూడా బిడ్డను ఒంటిచేత్తో నీళ్ళపైకి ఎత్తిపట్టింది. మనం ఈలలు వేశాం, కళ్ళు తుడుచుకున్నాం, ఇంటికొచ్చాం.

సినిమాల్లో పసివాళ్ళకేమీ కాదు. దర్శకుడు కానివ్వడు. రోడ్డు సంగతి అలా కాదు. అక్కడ దర్శకుడు లేడు, డూపు లేడు, రెండో టేకు అసలే లేదు. అందుకే ఈ వారం ఓ రోడ్డు కథ చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మొదలై సూర్యాపేట దాకా సాగే ఈ కథలో నేను డ్రైవర్ని మాత్రమే. హీరోయిన్ మా బుజ్జిది. వయసు రెండేళ్ళ రెండు నెలలు. భాష సగం తెలుగు, సగం ఏడుపు.

మొన్న దసరా సెలవుల్లో మేం వెళ్ళింది పిల్లలమర్రికి. మహబూబ్‌నగర్ దగ్గర పెద్ద మర్రిచెట్టున్న పిల్లలమర్రి కాదండోయ్! సూర్యాపేట పక్కనున్న పాత గుళ్ళ ఊరు. ఎల్బీనగర్ నుంచి ఇంచుమించు నూట పాతిక, నూట ముప్ఫై కిలోమీటర్లు. ఒంటరిగా వెళితే రెండున్నర గంటల పని. రెండేళ్ళ పిల్లతో? మాకు నాలుగున్నర గంటలు పట్టింది. ఆ నాలుగున్నర గంటల్లో నేర్చుకున్నది రాస్తున్నాను.

కుర్చీ గొడవ

అసలు గొడవ ప్రయాణం ముందు రోజు రాత్రే మొదలైంది. మా ఆవిడ పిల్ల కోసం ఓ కారు సీటు కొనుక్కొచ్చింది. భుజాల మీద రెండు, నడుం దగ్గర రెండు, కాళ్ళ మధ్య ఒకటి... మొత్తం అయిదు పట్టీలు. అది చూడగానే మా అమ్మ ముఖం మాడిపోయింది.

“ఏంది బిడ్డా ఇది? పోరిని దొంగను కట్టేసినట్టు కట్టేస్తవా? నేను లేనా? నా ఒళ్ళె కూసోదా? నిన్ను నేను బస్సుల ఒళ్ళె ఏసుకునే కదా నల్లగొండకు తిరిగింది!”

“అప్పటి బస్సులు వేరు, ఇప్పటి స్పీడు వేరు అత్తమ్మా” అంది మా ఆవిడ.

“స్పీడు తగ్గించి పొమ్మను నీ మొగుణ్ణి!”

ఈ మాటలు ఒక్క మా ఇంట్లోవే కావు. తెలుగునాట ప్రతి ఇంట్లోనూ అమ్మమ్మలూ నాయనమ్మలూ అనేవే. ఒడిని మించిన చోటు పిల్లలకి లేదన్నది వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చెయ్యను. కానీ లెక్క కూడా ఒకటి ఉంది, వినండి.

మా బుజ్జిది పన్నెండు కిలోలు. కారు గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో పోతూ దేన్నయినా గుద్దుకుని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణాన పిల్లను పట్టి ఆపాలంటే దాదాపు నూట డెబ్భై కిలోల బరువును ఆపినంత బలం కావాలి. అంటే నూరు కిలోల బియ్యం బస్తా ఒకటి, దాని మీద ఇంకో ముక్కాలు బస్తా! మా అమ్మే కాదు, తెరమీద లారీని ఒంటిచేత్తో ఆపే మన హీరోలు కూడా ఆ బస్తాలను ఒళ్ళో పట్టి ఆపలేరు. పైగా ఒళ్ళో పెట్టుకున్న పెద్దవాళ్ళకే బెల్టు లేకపోతే, వాళ్ళ బరువంతా వెళ్ళి పడేది ఆ పిల్ల మీదే.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి బెల్టయినా ఉండాలి, వాళ్ళ ఈడుకి తగ్గ ప్రత్యేకమైన సీటయినా ఉండాలి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. వెయ్యి రూపాయలు పోతే పోయింది, సంపాదించుకోవచ్చు. మిగతాది?

చివరికి ఒప్పందం కుదిరింది. బుజ్జి సీట్లో కూర్చుంటుంది, మా అమ్మ దాని పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంటుంది. ఇద్దరికీ బెల్టులు. “నాకెందుకు బిడ్డా పట్టీ?” అంటూనే పెట్టించుకుంది.

పొద్దున్నే బయల్దేరితే...

చంటిపిల్లతో ప్రయాణానికి ముహూర్తం పంచాంగంలో ఉండదు, పిల్ల నిద్రలో ఉంటుంది. తెల్లవారుజామున అయిదున్నరకి నిద్రలోనే ఎత్తుకొచ్చి సీట్లో పడుకోబెట్టి పట్టీలు బిగించాం. మొదటి గంట హాయిగా నిద్రపోయింది.

దిల్‌సుఖ్‌నగర్‌ని మీరు ఆ వేళప్పుడు చూడాలి. సాయంత్రమైతే బస్ డిపో దగ్గర అడుగు తీసి అడుగు వెయ్యలేం. ఒకప్పుడు కోణార్క్, వెంకటాద్రి హాళ్ళ పేర్లు చెప్పి బస్సు దిగిన కుర్రాళ్ళు, కోచింగు సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళ ఇడ్లీలు, సాయిబాబా గుడి ముందు గురువారపు వరసలు... ఆ సందడంతా తెల్లారేసరికి మాయం! తలెత్తితే మెట్రో స్తంభాలు మాత్రం బారులు తీరి ఉంటాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఆ రైలు మొదలయ్యాక, ఈ చివరి జనానికి సినిమాకి అమీర్‌పేట వెళ్ళడం కూడా పక్కింటికి వెళ్ళినట్టయింది.

చైతన్యపురి దాటితే కొత్తపేట. ఇక్కడి పండ్ల మార్కెట్టు తెలియనివాళ్ళుండరు. ఎండాకాలం వస్తే మామిడిపండ్ల వాసన రోడ్డు మీదికొచ్చి మనల్ని పలకరించేది. 2021 తర్వాత ఆ మార్కెట్టు బాటసింగారం వైపు తరలిపోయింది. అదీ ఇదే దారిలో, ఊరి బయట.

ఆ తర్వాత ఎల్బీనగర్. పూర్తిపేరు లాల్ బహదూర్ నగర్ అని చాలామందికి గుర్తుకూడా ఉండదు. ఈ కూడలి హైదరాబాదుకి తూర్పు గుమ్మం. కుడికి తిరిగితే నాగార్జునసాగర్ దారి. నేరుగా పోతే బెజవాడ దారి. సంక్రాంతి ముందు రెండు రోజులు ఈ గుమ్మం చూడాలి! చేతుల్లో సంచులు, చంకల్లో పిల్లలు, ‘విజయవాడ, విజయవాడ’ అని కేకలు... కొత్త సినిమా మొదటాట టికెట్ల దగ్గర కూడా అంత తోపులాట ఉండదు. చంటిపిల్లలున్నవాళ్ళు ఆ రెండు రోజులు తప్పించి బయల్దేరితే సగం పుణ్యం ముందే దక్కినట్టు.

జింకలూ... మాహిష్మతీ...

ఈ రోడ్డుని మన పెద్దలు ఇప్పటికీ నైన్త్ హైవే అంటారు. 2010లో నెంబర్లు మార్చినప్పుడు 65 అయింది. పూణేలో మొదలై, హైదరాబాదు మీదుగా విజయవాడ దాటి మచిలీపట్నం దాకా వెళుతుంది.

ఎల్బీనగర్ దాటి కాస్త దూరం పోగానే వనస్థలిపురం దగ్గర రోడ్డు పక్కనే ఓ అడవి! మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాములు వేటాడిన చోటు. మహావీరుడి 2500వ నిర్వాణ ఉత్సవాల జ్ఞాపకంగా 1975లో ఆ పేరు పెట్టారు. కృష్ణజింకలకి ఇది పుట్టిల్లు. దూరప్రయాణం వద్దు, పిల్లకి అలవాటు చేస్తే చాలు అనుకునేవాళ్ళు మొదటిసారి ఇక్కడిదాకా వచ్చి వెనక్కి వెళ్ళినా చాలు. ఇరవై నిమిషాల ప్రయాణం, గంటసేపు చెట్లనీడ, మళ్ళీ ఇల్లు. మేం రెండు ఆదివారాలు అదే చేశాం. ఆ సీటంటే బుజ్జికి భయం పోయింది అక్కడే.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు దాటాక కుడిచేతి వైపు కొండల మీద పెద్ద అక్షరాలు... ఇంకేముంది, రామోజీ ఫిల్మ్ సిటీ! 1996లో మొదలైన ఈ సినిమా నగరాన్ని 1,666 ఎకరాలతో ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కించారు. మాహిష్మతి కోటలు లేచింది ఈ కొండల మధ్యే. దీన్ని కట్టించిన రామోజీరావు 2024 జూన్ 8న కన్నుమూశారు.

“ఏమండీ, కాసేపు ఆగి చూసిపోదామా?” అని మా ఆవిడ ఆశగా అడిగింది. నేను ఆపలేదు. ఫిల్మ్ సిటీ అంటే పొద్దుటినుంచీ సాయంత్రం దాకా సాగే పని, దారిలో మజిలీ కాదు. చంటిపిల్లతో ఒక రోజుకి ఒకే చోటు. రెండు చోట్లు పెట్టుకుంటే రెండూ చెడతాయి. రెండు సినిమాలు వరసగా చూసి బయటికొచ్చినవాడికి ఏ పాట ఏ సినిమాదో గుర్తుండదు చూడండి, అలాగన్నమాట.

ఇంటర్వెల్ పిల్ల చేతిలో ఉంది

సినిమాకి ఇంటర్వెల్ ఎప్పుడివ్వాలో దర్శకుడు చెబుతాడు. ఈ ప్రయాణంలో బుజ్జి చెబుతుంది. చౌటుప్పల్ దగ్గర నిద్రలేచింది. లేవగానే “దిగు... దిగు...” అని మొదలుపెట్టింది. పట్టీ విప్పమని మా అమ్మ. వద్దని మా ఆవిడ. నేను ఎవరి పక్షమూ మాట్లాడకుండా పంతంగి టోల్ గేటు దాటాక మంచి చోటు చూసి రోడ్డు దిగి ఆపాను. బండి నడుస్తుంటే పట్టీ విప్పకూడదు. పిల్ల ఏడిస్తే బండే ఆగాలి. మొత్తం ప్రయాణానికి ఈ ఒక్క నియమం చాలు.

ఆగినప్పుడు ఎలా ఆగాలో కూడా చూసుకోవాలి. హైవే అంచున తెల్లగీత పక్కనే ఆపి పిల్లను దించేవాళ్ళని ఎంతమందిని చూశానో! వెనకనుంచి వచ్చే లారీ డ్రైవరుకి నిద్రమత్తుంటే? హోటలు ఆవరణ, పెట్రోలు బంకు, దాబా వెనక ఖాళీజాగా... అలాంటి చోటే ఆగాలి. రోడ్డు వైపు తలుపు తియ్యకుండా అవతలి తలుపులోంచి దించాలి.

అక్కడ అరగంట. వేడి ఇడ్లీ, కారంలేని చట్నీ, కాచి చల్లార్చిన పాలు. తర్వాత పదిహేను నిమిషాలు పరుగులు. కుక్కపిల్ల, కోడిపిల్ల, చీమల బారు... మనకి ఎనభై కిలోమీటర్ల అవతల ఉన్న గుడి మీద ధ్యాస, దానికి కాళ్ళ దగ్గరున్న చీమ మీద ధ్యాస. దాని ప్రయాణం అప్పుడే పూర్తయింది, మనమే ఇంకా దారిలో ఉన్నాం!

ఒక మాట. కదిలే కారులో పల్లీలు, శనగలు, చాక్లెట్లు పెట్టకండి. కుదుపుకి గొంతుకి అడ్డం పడితే, స్టీరింగు దగ్గరున్నవాడు ఏమీ చెయ్యలేడు. తిండి ఆగినచోటే. ఇంకోమాట. “అయిదు నిమిషాలేగా” అని పిల్లను మూసిన కారులో వదిలి టీకి వెళ్ళకండి. ఎండలో నిలబెట్టిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. పెద్దవాళ్ళకంటే పసివాళ్ళ ఒళ్ళు చాలా తొందరగా వేడెక్కుతుంది.

ఈ రోడ్డు మింగినవాళ్ళు

చిట్యాల, నార్కట్‌పల్లి... ఈ ఊళ్ళ పేర్లు వినగానే సినిమా అభిమానులకి గుండె కాస్త బరువెక్కుతుంది.

నందమూరి హరికృష్ణ గుర్తున్నారుగా? తండ్రి ఎన్టీఆర్ పార్టీ పెట్టి ఊరూరూ తిరిగిన రోజుల్లో చైతన్యరథం నడిపిన చెయ్యి ఆయనది. వేల కిలోమీటర్లు, రాత్రనక పగలనక. స్టీరింగు పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని అభిమానులు గర్వంగా చెప్పుకునేవారు. అటువంటి మనిషి 2018 ఆగస్టు 29 తెల్లవారి ఓ అభిమాని ఇంట పెళ్ళికని నెల్లూరు జిల్లాకి తానే కారు నడుపుకుంటూ బయల్దేరి, నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి వెళ్ళే రోడ్డు మీద ప్రమాదంలో పోయారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు అప్పట్లో చెప్పారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 డిసెంబరు 6న, ఆయన పెద్దకొడుకు జానకిరామ్ ఇదే హైవే మీద మునగాల మండలం ఆకుపాముల దగ్గర ట్రాక్టరును గుద్దుకుని చనిపోయారు. ఇంకా ముందు, 2009 మార్చి 26న, ఎన్నికల ప్రచారం ముగించుకుని వస్తూ చిన్న ఎన్టీఆర్ సూర్యాపేట దగ్గర ప్రమాదంలో గాయపడి బయటపడ్డాడు.

ఒకే కుటుంబం. ఒకే జిల్లా. పదేళ్ళలో మూడు దెబ్బలు. ఇప్పుడు చిన్న ఎన్టీఆర్ ఏ సినిమా ఫంక్షన్‌కి వచ్చినా, చివర్లో అభిమానులని జాగ్రత్తగా ఇంటికెళ్ళమని, ఇంట్లో మీకోసం ఎదురుచూసేవాళ్ళున్నారని మరీ మరీ చెబుతాడు. అతను మాటవరసకి చెబుతున్నాడని ఎవరమైనా అనుకోగలమా?

చిట్యాల దాటాక

చిట్యాల దాటాం. తొమ్మిది కావస్తోంది. వేగం డెబ్భై ఉంటుంది. వెనక సీట్లో మా అమ్మ పాటలు పాడుతోంది, బుజ్జి చప్పట్లు కొడుతోంది. సెల్‌ఫోను ఇవ్వలేదు. ఇంత చిన్నపిల్లలకి తెరమీది బొమ్మలు ఎంత తక్కువైతే అంత మంచిదని డాక్టర్లు చెబుతున్నారు. పైగా కిటికీలోంచి గేదెలు, గొర్రెలు, గడ్డివాములు ఉచితంగా కనిపిస్తుంటే ఇంకేం కావాలి!

ఉన్నట్టుండి డివైడర్ సందులోంచి ఓ మోటారు సైకిలు, ఎదురు దిక్కునుంచి, నా ముందుకి!

బ్రేకు తొక్కాను. టైర్లు కీచుమన్నాయి. సీటు మీదున్న స్టీలు టిఫిన్ డబ్బా గాల్లోకి లేచి డ్యాష్‌బోర్డుకి కొట్టుకుని మూత ఊడిపోయింది. పులిహోర మెతుకులు అద్దం మీద. మా అమ్మ సంచి, నీళ్ళసీసా, చెప్పులు... అన్నీ ముందుకి. మోటారు సైకిలువాడు వెనక్కి తిరిగి కూడా చూడకుండా పోయాడు.

“పోరీ! పోరి ఏదిరా?” అని మా అమ్మ కేక.

పోరి తన సీట్లోనే ఉంది. పట్టీల మధ్య, కదలకుండా. అద్దానికి అంటుకున్న మెతుకుల్ని చూపించి “బువ్వ!” అంది.

మా అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నకిరేకల్ వచ్చాక తన బెల్టు ఒకసారి లాగి చూసుకుంది. తర్వాత మెల్లగా, “ఆ డబ్బా జాగల పోరి నా ఒళ్ళె ఉంటే ఏమైతుండె బిడ్డా...” అంది. ఆ ప్రశ్నకి మేమెవరం జవాబు చెప్పలేదు. జవాబు ఆవిడకీ తెలుసు.

పిల్లలమర్రిలో...

కొర్లపహాడ్ టోల్ గేటు దాటితే మూసీ వంతెన. మన చాదర్‌ఘాట్ దగ్గర చూసే మూసీయే, ఇక్కడికొచ్చేసరికి వెడల్పుగా, నింపాదిగా కనిపిస్తుంది. అక్కడినుంచి సూర్యాపేట ఎంతోదూరం లేదు. పది దాటాక పిల్లలమర్రి చేరాం.

కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు ఏలిన ఊరిది. ఎరుకేశ్వరుడు, నామేశ్వరుడు... దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ గుళ్ళు. నల్లరాతి స్తంభాలు అద్దంలా మెరుస్తాయి. నామేశ్వరాలయంలో క్షీరసాగర మథనం బొమ్మలు పాతరంగుల్లో ఇంకా మసక మసకగా ఉన్నాయి. మన ఆర్టు డైరెక్టర్లు ప్లాస్టర్‌తో కట్టే గుడిసెట్లకి అసలు మాతృకలు ఇవే. ఎవరి పేరు చెబితే శృంగార శాకుంతలం గుర్తొస్తుందో, ఆ కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు ఈ ఊరిదే.

మా ఆవిడ శిల్పాలు చూసింది. మా అమ్మ నందికి దండం పెట్టుకుంది. బుజ్జి మాత్రం మెట్లు ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. ఎనిమిది వందల ఏళ్ళ మెట్ల మీద రెండేళ్ళ పాదాలు! పదిహేనుసార్లు లెక్కపెట్టి తర్వాత మానేశాను. ఇంతదూరం తీసుకొచ్చి చూపించింది మెట్లేనా అని మీరనవచ్చు. దానికి కావలసింది అవే. మనకి కావలసినవి మనం చూసుకున్నాం.

మధ్యాహ్నం సూర్యాపేటలో భోజనం, ఓ నిద్ర, నాలుగింటికి తిరుగుప్రయాణం. చీకటిపడేలోగా ఎల్బీనగర్‌లో ఉండాలన్నదే మా లెక్క. లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆగిన లారీల మధ్య, పిల్లతో రాత్రి డ్రైవింగు మాకొద్దు.

పెళ్ళికానివాళ్ళకో మాట

“మాకింకా పెళ్ళే కాలేదు, ఈ పాపాయిల గొడవ మాకెందుకు?” అంటారేమో! ఇంట్లో కారు నడిపేది ఎవరు? మీరే. అక్కా బావల్ని ఊరికి దింపేది ఎవరు? మీరే. “మేనమామ ఒళ్ళో కూర్చుని స్టీరింగు తిప్పుతాడట” అని అక్క మురిసిపోతూ పిల్లాణ్ణి ముందుకి అందిస్తే, వద్దని చెప్పాల్సింది కూడా మీరే. ఆ స్టీరింగులో దాక్కున్న గాలిసంచి పేలితే మొదట తగిలేది ఆ పసివాడికే.

బండి మీద అయితే మరీ జాగ్రత్త. పెట్రోల్ ట్యాంకు మీద పసివాణ్ణి కూర్చోబెట్టుకుని మాట్నీకి వెళ్ళే అన్నయ్యల్ని దిల్‌సుఖ్‌నగర్‌లో రోజూ చూస్తుంటాను. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం నాలుగేళ్ళలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళితే నడిపేవాడికి కట్టి ఉంచే పట్టీ ఉండాలి, వాళ్ళ తలకి సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం నలభై దాటకూడదు.

మనవాళ్ళు సినిమా హాల్లో హీరోని చూసి కాలరెగరేస్తారు. మంచిదే. ఈసారి అక్క కొడుకుతో హైవే ఎక్కినప్పుడు, ముందుగా వాడి పట్టీ బిగించండి, తర్వాత మీది. ఆ తర్వాతే తాళంచెవి తిప్పండి. దారిలో ఎన్ని ఇంటర్వెల్స్ అయినా ఇచ్చుకోండి, ఎవరూ తిట్టరు. శుభం కార్డు మాత్రం ఇంటి గుమ్మం దగ్గరే పడాలి.